ఉల్లేఖనలు ఎన్ని ఉన్నా మోతాదు ప్రశ్న అలాగే ఉంటుంది

మిత్రులు పదే పదే పంపుతున్న ఆ సందేశానికి ఇక జవాబు చెప్పక తప్పడం లేదు. ఒక విషశాస్త్ర పరిశోధకుడి ఫొటో, దాని కింద ఆయన ఘనత: వందల పరిశోధన పత్రాలు, వేల ఉల్లేఖనలు (అంటే ఇతరులు తమ పత్రాల్లో ఆయన పత్రాలను పేర్కొనడం), తోటివారికి అందనంత హెచ్-ఇండెక్స్ అనే అంకె, పేరున్న జర్నళ్లలో ప్రచురణ. ఆ తర్వాత తీర్పు: ఫలానా రసాయనం తక్కువ మోతాదులో హాని చేయదని అంతటివాడు చెప్పాక ప్రశ్నించడానికి మీరెవరు? విమర్శకులందరి లెక్కలూ కలిపినా ఆయన ముందు దిగదుడుపేనట. ఆ పరిశోధకుడితో నాకు పేచీ లేదు. ఆయన పేరు అడ్డం పెట్టి ప్రశ్నల నోరు నొక్కడమే సహించలేకపోతున్నాను.

జర్నల్ పేరు సంగతి ముందు తేల్చేద్దాం. జర్నల్ గొప్పకు కొలతగా చూపే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అందులోని పత్రాలకు సగటున వచ్చే ఉల్లేఖనల లెక్క, అంటే జర్నల్ మొత్తానికి సగటు. అందులోని ఒక్కో పత్రం ఎంత గట్టిదో అది చెప్పదు. అలా వాడవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిసిన సంపాదకులు, ప్రచురణకర్తలు పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే డోరా అనే ప్రకటనలో స్పష్టంగానే రాశారు. ఇక వందల పత్రాలంటారా, పెద్ద ప్రయోగశాలను నడిపేవారి పేరు అక్కడి విద్యార్థులు, సహచరులు రాసే పత్రాల మీద కూడా ఉంటుంది. దీని మీద ఇంతకన్నా చర్చ అనవసరం.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. అది 40 ఉందంటే, ఒక్కోటి కనీసం 40 సార్లు ఉల్లేఖన పొందిన పత్రాలు 40 ఉన్నాయని అర్థం. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరగడమే గానీ తగ్గడం ఉండదు. ఉల్లేఖనలను లెక్కించే డేటాబేస్‌లలో స్కోపస్‌లో ఒక అంకె, గూగుల్ స్కాలర్‌లో మరో అంకె కనిపిస్తాయి. సందేశంలో ఉన్నది ఎక్కడిదో రాయాలన్న స్పృహ కూడా లేదు.

అన్నిటికన్నా హానికరమైన వాక్యం ఇది: ‘వేల మంది శాస్త్రవేత్తలు ఆయనతో ఏకీభవించారు.’ ఇది శుద్ధ అబద్ధం. ఉల్లేఖించడం అంటే ఒప్పుకోవడం అని ఎవరు చెప్పారు? 1951లో లౌరీ బృందం ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి ప్రచురించింది. దానికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనలున్నాయి. వాటిలో చాలావరకు ఆ పద్ధతిని వాడామని చెప్పేవే. ఇక విషశాస్త్రంలోకే వద్దాం. 2012లో సెరాలినీ బృందం జన్యుమార్పిడి మొక్కజొన్న, రౌండప్ కలుపు మందు మీద ఎలుకల అధ్యయనం ప్రచురించింది. ఒక్కో గుంపులో పది ఎలుకలు, అదీ వయసు మీరితే వాటంతటవే కణితులు వచ్చే జాతివి, రెండేళ్ల ప్రయోగం. ఫలితాలు నిర్ధారణకు సరిపోవంటూ జర్నల్ 2013లో ఆ పత్రాన్ని ఉపసంహరించింది. మరుసటి ఏడాది అది మరో జర్నల్‌లో మళ్లీ వచ్చింది. దాన్ని తప్పుపట్టినవారు, వెనకేసుకొచ్చినవారు, వివాదాన్ని వివరించినవారు అందరూ ఉల్లేఖించినవారే. ప్రతి విమర్శా ఆ లెక్కను పెంచింది. వీళ్లందరినీ ఆమోదించినవారి జాబితాలో వేస్తారా?

అంతటివాడు చెప్పాక అడగకూడదన్న మాట ఎంత ప్రమాదకరమో సీసం చరిత్ర చూస్తే తెలుస్తుంది. సీసం విషప్రభావంపై అమెరికాలో దశాబ్దాలపాటు రాబర్ట్ కెహో మాటే వేదం. సీసం కలిపిన పెట్రోలుకు అవసరమైన రసాయనాన్ని అమ్మే ఎథిల్ కంపెనీకి వైద్య సలహాదారు కూడా ఆయనే. ఒంట్లో సీసం ఉండటం సహజమేనని, ఒక హద్దు దాటితేనే హాని అని ఆయన వాదం. 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ దాన్ని ఎదిరించారు. ఆయన విషశాస్త్రవేత్త కాదు, భూమి వయసు లెక్కగట్టిన భూరసాయన శాస్త్రవేత్త. సగటు అమెరికన్ ఒంట్లోని సీసం సహజ స్థాయికి దాదాపు వంద రెట్లు ఉందని చూపారు. ఆ రంగంలో ప్రచురణల బలం కెహోది, నిజం ప్యాటర్సన్‌ది. సీసానికి సురక్షిత స్థాయి ఏదీ తెలియదని నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఈ సందేశం తర్కమే చెల్లి ఉంటే ప్యాటర్సన్ నోరెత్తడానికే అర్హుడు కాదు.

ఒక విషయం మాత్రం ఒప్పుకుంటాను. ఆ రసాయనం గురించి ఈ పరిశోధకుడు చెప్పింది నిజమే కావచ్చు. ఆయన మీద విరుచుకుపడుతున్న వారిలో కొందరికి ఈ రంగంలో ఒక్క పత్రమైనా లేదు. తమకు తామే విషనిపుణులమని ప్రకటించుకున్నవారు వాళ్లు. అలాంటి చోట ప్రచురణల జాబితా చూడటం తప్పు కాదు, చూడాలి కూడా. ఎవరి మాట ముందు వినాలో అది చెప్పగలదు. విన్న మాట నిజమో కాదో చెప్పలేదు. పైగా అనుమతుల కోసం కంపెనీలు చేయించే భద్రతా పరీక్షల నివేదికలు చాలావరకు జర్నళ్లకే రావు. వాటిని ఏళ్ల తరబడి పరిశీలించే ప్రభుత్వ నిపుణుల శ్రమ ఏ హెచ్-ఇండెక్స్‌లోనూ కనిపించదు.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఆయన ఫొటో వద్దు, పత్రం పంపండి. ఏ జంతువు మీద చేశారు, ఎన్నింటి మీద, ఎంత మోతాదు, ఎంత కాలం, డబ్బు ఎవరిచ్చారు, మరో ప్రయోగశాలలో అదే ఫలితం వచ్చిందా? వీటి మీద వాదించడానికి నేను సిద్ధం.