అమ్మకి వచ్చిన కుక్కరు

మొన్న డిసెంబర్‌లో, అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘం విశాఖలో పెట్టిన తల్లిదండ్రుల ఆత్మీయ సమావేశం ఫొటోలు మీరంతా వాట్సాప్‌లో చూసే ఉంటారు. శాలువాలు, జ్ఞాపికలు, బీచ్ రోడ్డు హోటల్లో బఫే. గ్రూప్ ఫొటోలో మా అమ్మ కూడా ఉంది. ఎడమవైపు నుంచి మూడో ఆవిడ, ఆకుపచ్చ చీర, చేతిలో ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు. ఈ నాలుగు ముక్కలూ ఆ కుక్కరు గురించే.

రానివాళ్ల కోసం జరిగింది చెప్తాను. భోజనాలకి ముందు ఒక సరదా పోటీ పెట్టారు. మనవల కోసం ఎవరు ఎక్కువసార్లు అమెరికా వెళ్లొచ్చారు అని. ఒకసారి వెళ్లినవాళ్లు చేతులెత్తండి, రెండుసార్లు, మూడుసార్లు అంటూ వేలంపాటలా సాగింది. అనకాపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి ఆరుసార్లతో మొదటి బహుమతి, మిక్సీ. మా అమ్మవి నాలుగు. అక్క పిల్లలకి రెండు, నా పిల్లలకి రెండు. స్టేజీకి ఉన్నవి నాలుగు మెట్లే అయినా మోకాలి మీద చెయ్యి వేసుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. వెనకాల కొంగు పట్టుకుని మా పెద్దది.

"నాలుగు ట్రిప్పులా అమ్మా! జీతం లేదు, సెలవు లేదు, ఓవర్‌టైం మాత్రం ఫుల్లు! మరి ఐదో ట్రిప్పు ఎప్పుడు?" అన్నాడు యాంకర్. హాలంతా నవ్వింది. అమ్మ మైకుకి మరీ దగ్గరగా వెళ్లి, "పిల్లలు ఎప్పుడు రమ్మంటే అప్పుడే బాబూ" అంది. చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ కార్యక్రమానికి చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది ఎవరినో వేలెత్తి చూపడానికి రాస్తున్నది కాదు.

తిరిగి వస్తుంటే ఆటోలో అమ్మ ఒళ్లో కుక్కరు, కుక్కరు మీద మా చిన్నోడు. అమ్మ హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైంది. ఆ సంగతి స్టేజీ మీద ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. జగదాంబ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం బయటికి చూస్తూ, "నాలుగార్లు ఇరవై నాలుగు" అంది. ఏంటమ్మా అన్నాను. ఏం లేదు అంది. వీసా మీద దిగిన ప్రతిసారీ, ఎన్నాళ్లు ఉండొచ్చో రాసే ఐ 94లో మామూలుగా ఆరు నెలలు వేస్తారు కదా, ఆ లెక్క. రెండేళ్లు.

మా ఇల్లు పెదవాల్తేరులో. పైన అమ్మానాన్నా, కింద బాబాయి, పిన్ని. రెండు వీధుల అవతల పెద్దమ్మ. ఆదివారం వస్తే గాజువాక నుంచి మేనత్త బస్సెక్కి దిగిపోతుంది. మూడున్నర వారాలు పిల్లలతో ఆ ఇంట్లో ఉన్నాం. అక్కడ మా పిల్లల్ని ఎవరు పెంచారని అడిగితే ఫలానా వాళ్లని చెప్పలేను.

చిన్నోడి అన్నం చూడండి. వాడికి రెండేళ్లు. ఇక్కడ మా ఇంట్లో వాడి చేత పది ముద్దలు తినిపించాలంటే ఫోన్లో బొమ్మలు ఆడాలి. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకి వెండి గిన్నె మేడ మీద బయల్దేరేది. ముద్దపప్పు, నెయ్యి, అన్నం మెత్తగా పిసికి అమ్మ మూడు ముద్దలు కాకిని చూపించి పెట్టేది. నాలుగో ముద్దకి వాడు మూతి తిప్పేసరికి గిన్నె పిన్ని చేతికి. ఆవిడ మెట్లు దిగుతూ మెట్టుకో ముద్ద. గేటు దగ్గరికి వచ్చేసరికి గిన్నె బాబాయి చేతిలో ఉండేది. గేటు ఎదురుగా వేపచెట్టు కింద ఇస్త్రీ బండి. ఆయన బొగ్గుల పెట్టె పైకెత్తి, "ఏటి బాబూ, తినవేటి? రా, నీకూ ఇస్త్రీ చేసేస్తాను" అనేవాడు. వాడు భయంతోనో నవ్వుతోనో నోరు తెరిచేవాడు. ఆఖరి ముద్ద అందులోకి. గిన్నె ఖాళీ అయ్యేసరికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో అమ్మ చేసిన పని ఐదు నిమిషాలది. మిగతా నలభై నిమిషాలూ ఫ్యాన్ కింద కాళ్లు చాపుకుని పేపర్లో సుడోకు నింపుకుంది.

అక్కడంతా బంగారమే అని నేననను. పెద్దదాన్ని చూడగానే మేనత్త అన్న మొదటి మాట "నల్లబడిపోయిందేంటే పిల్ల". బాబాయి ఇద్దర్నీ స్కూటర్ ముందు నిలబెట్టుకుని బీచ్‌కి తీసుకెళ్లిపోతాడు. హెల్మెట్ ఆయనకే లేదు, ఇంక పిల్లలకేం పెడతాడు. పెద్దది ఏడు నెలలప్పుడు వెళ్తే పిన్ని ముద్దుకొద్దీ వేలితో తేనె నాకించబోయింది. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు పిన్నీ, అందులో ఉండే ఒక రకం బాక్టీరియా పసివాళ్ల పేగుల్లో విషం తయారుచేస్తుంది అని మా ఆవిడ మర్యాదగానే చెప్పింది. "మా పిల్లలంతా తేనె తినే బతికారమ్మా" అని పిన్ని మూడు రోజులు మాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే సున్నిపిండి గిన్నె పట్టుకుని తనే మేడెక్కి వచ్చింది. కాళ్లు చాపి పీట మీద కూర్చుని, పిల్లని కాళ్ల మీద వేసుకుని, వీపుకి నూనె పట్టిస్తూ, తల తిప్పకుండానే మా ఆవిణ్ణి అడిగింది: "ఏడాది దాటాక పెట్టొచ్చా?"

(వీటన్నిటినీ తప్పులుగానే రాద్దామని మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ పిన్ని గెలిచేసింది.)

నాన్న సంగతీ చెప్పాలి. మన సభల్లో నాన్నల సంగతి ఎవరూ ఎత్తరు. అమ్మ వెళ్లిన నాలుగుసార్లలో నాన్న ఆవిడతో వచ్చింది ఒక్కసారే. మిగతా మూడు విడతలూ ఆయన కుక్కర్లో గుప్పెడు బియ్యం వండుకుని, వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి ఒక కూర, ఒక సాంబారు ప్యాకెట్ తెచ్చుకుని తిన్నాడు. కింద పిన్ని ఉంది కదా అంటారేమో. రోజూ ఒకరింట్లో కంచం ముందు కూర్చోవడం ఆయనకి నామోషీ. పొద్దున్న బళ్లు ఆపేసిన బీచ్ రోడ్డు మీద ఇద్దరూ కలిసి నడిచే అలవాటు. ఆ ఆరు నెలలూ ఒక్కడే నడిచాడు. ఎవరైనా అడిగితే "మా ఆవిడ డ్యూటీకి వెళ్లింది" అనేవాడు.

ఓ సాయంత్రం ఆయనే పెద్దదాన్ని కురుసుర సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్లాడు. అది నిజంగా సముద్రంలో తిరిగిందా తాతయ్యా అని అడిగింది పిల్ల. "1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది. మరుసటి ఏడాదే ఇక్కడ ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. చూశావా, నీళ్లలో తిరిగేదానికి కూడా రిటైర్‌మెంట్ ఉంది, మీ మామ్మకే లేదు" అన్నాడు. జోకే. పిల్లకి అర్థం కాలేదు. నేను ఐస్‌క్రీమ్ కొనే వంకతో పక్కకి వెళ్లిపోయాను.

ఎందుకంటే అప్పటికే నా ఫోన్లో మార్చికి అమ్మ టికెట్ ఉంది. మా ఆవిడ కొత్త ఉద్యోగంలో చేరుతోంది, చిన్నోణ్ణి ఇంకో ఆరు నెలలు డేకేర్‌కి పంపకుండా గడిపేద్దామని ప్లాన్. అమ్మని అడగలేదా అంటే, అడిగాను. అడిగాననే అనుకున్నాను. "అమ్మా, మార్చిలో వస్తావుగా?" అన్నాను. అది అడగడమేనా?

సంక్రాంతి ముందు అరిసెల రాత్రి తెలిసింది. పెద్దమ్మ పాకం చూస్తోంది, పిన్ని తడుతోంది, అమ్మ స్టూలు మీద కూర్చుని నూనెలోంచి తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కుతోంది. నేను మంచినీళ్ల కోసం వచ్చి తలుపు దగ్గర ఆగిపోయాను.

"ఈసారి నా వల్ల కాదే అక్కా" అంటోంది అమ్మ. "వీళ్ల మీద కాదు నా బాధ. ఇక్కడ వీడు పొద్దస్తమానం ఏడ్చినా ఎత్తుకునేవాళ్లు నలుగురున్నారు. అక్కడ వాళ్లిద్దరూ చెరో కారూ తీసుకుని వెళ్లిపోతే సాయంత్రం దాకా నేనూ, వీళ్లూ, ఆ గోడలూ. బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు తీసే ఉంచుకోవాలి, వీడు ఏం మింగుతాడో అని."

"అయితే చెప్పెయ్యి వాడికి."

"ఎలా చెప్పను? మైకులో చెప్పేశాను కదే, ఎప్పుడు రమ్మంటే అప్పుడని."

మంచినీళ్లు తాగకుండానే పైకి వెళ్లిపోయాను.

అమ్మానాన్నల్ని రప్పించుకోవడం తప్పని నేను రాయడం లేదు. రాస్తే నన్ను నేనే తిట్టుకున్నట్టు. మనం పిలిచేది ఒక్క ప్రేమతోనే కాదు, గతిలేక కూడా. ఇక్కడ అమెరికాలో కాన్పుకి 1993 సెలవు చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ కనీసం 50 మంది పనిచేసే కంపెనీ అయితేనే. విశాఖలో బ్యాంకులో పనిచేసే మా బాబాయి కూతురికి ప్రసూతి సెలవు 26 వారాలు, జీతంతో సహా. అది ఇంట్లో కూర్చుని పిల్లాడికి ఉగ్గు పెడుతుంటే, మా ఆవిడ మూడో నెల పిల్లని వదిలి ఆఫీసుకి వెళ్లింది. అప్పుడు అమ్మ లేకపోతే ఏమైపోయేవాళ్లమో. పిల్లల తెలుగు కూడా అమ్మ చలవే. పెద్దది "బువ్వ", "జోజో" ఆదివారం బడిలో నేర్చుకోలేదు. రావడానికి ఉబలాటపడే పెద్దవాళ్లూ ఉన్నారు. మా మామగారు దిగిన వారానికే భజన బృందాన్ని, పేకాట బృందాన్ని వెతికి పట్టుకున్నారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆయనకే కళ్లనీళ్లు.

కానీ విశాఖలో ఎనిమిదిమంది పంచుకున్న పనిని ఇక్కడ ఒక్క మనిషికి అప్పగించి, "ఉమ్మడి కుటుంబం మన బలం" అని సావనీర్‌లో వ్యాసాలు రాసుకుంటున్నాం. నలుగురు మోసే పల్లకీ ఒక్కరి భుజాన పెట్టి, నడకలో తేడా వస్తోందేమని అడగలేం. పైగా ఆ ఒక్కరికి కారు నడపడం రాదు. చలికాలం గడప దాటలేదు. ఒంట్లో బాగోకపోతే ఇన్సూరెన్స్ వస్తుందో రాదో అని నొప్పి చెప్పకుండా దాచుకుంటుంది. విశాఖ నుంచి నేరుగా విమానం లేక మారే ప్రతి ఎయిర్‌పోర్టులోనూ వీల్‌చైర్ అడుగుతుంది. ఒక్క కాళ్లకోసమే కాదు, దారి అడగడానికి భాష లేక కూడా. అలాంటి ప్రయాణాలు ఎన్ని చేశారో లెక్కపెట్టి మనం మిక్సీ, కుక్కరు ఇచ్చాం.

మన సంఘానికి క్రికెట్ కమిటీ ఉంది, పిక్నిక్ కమిటీ ఉంది, ఆ పిక్నిక్‌లో పులిహోరకి వేరే సబ్ కమిటీ ఉంది. వీసా మీద వచ్చిన పెద్దవాళ్లని వారంలో ఒక పూట ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లడానికి ఎవరూ లేరు. పగలు ఖాళీగా ఉండే మన హాలు బుధవారం పూట తెరిస్తే ఏం పోతుంది? నాలుగిళ్ల మామ్మలూ అమ్మమ్మలూ పిల్లల్ని తీసుకుని అక్కడికి చేరితే గిన్నె చేతులు మారుతుంది కదా. కార్లు తిప్పడానికి వంతులు వేసుకుందాం. మొదటి రెండు వారాలూ నావి, నా నంబరు కమిటీ దగ్గర ఉంది. వచ్చే డిసెంబర్‌లో విశాఖలో మళ్లీ సమావేశం పెడితే, దయచేసి ట్రిప్పుల లెక్క అడగకండి. మీరు ఏం పనిచేసేవారమ్మా అని అడగండి. ఆయన్ని ఇంట్లో ఒక్కర్నే వదిలి వెళ్లడం ఎలా ఉండేదని అడగండి. మైకులో నిజం చెప్పరు, నాకు తెలుసు. అయినా అడగండి.

అరిసెల మర్నాడు బీచ్ రోడ్డు మీద అమ్మానాన్నలతో నడుస్తూ టికెట్ సంగతి ఎత్తాను. రావాలని లేకపోతే రావద్దమ్మా అన్నాను. ఆవిడ పది అడుగులు మాట్లాడలేదు. తర్వాత లెక్కల టీచరుగా బేరం మొదలుపెట్టింది. ఆరు నెలలు కాదు, ఆరు వారాలు. ఇద్దరికీ టికెట్లు. శనాదివారాలు వంట నాది. మా ఆవిణ్ణి అడగకుండానే అన్నిటికీ ఒప్పేసుకున్నాను. చిన్నోడు ఏప్రిల్ నుంచి డేకేర్‌కి వెళ్తాడు, ఏడుస్తాడు, మేమూ ఏడుస్తాం.

కుక్కరు మా ఇంట్లో లేదు. ఇస్త్రీ ఆయన కూతురికి మాఘమాసంలో పెళ్లి కుదిరితే అమ్మ దాన్ని కానుకగా ఇచ్చేసింది. ఇచ్చే ముందు డబ్బా మీదున్న మన సంఘం స్టిక్కరుకి కొబ్బరినూనె రాసి, నానబెట్టి, గోటితో గీకి గీకి తీసింది. పెళ్లికిచ్చే వస్తువు మీద "ద్వితీయ బహుమతి" అని ఉంటే బాగోదట.