8ఏ వారింటికి 2ఏ కోడలా!

మొన్న శనివారం రాత్రి గచ్చిబౌలిలో ఒక పబ్బులో ఘోరమైన అపచారం జరిగింది. టెక్నో నైట్, అంటే మెషిన్ దరువుల డ్యాన్సు సంగీతం. డీజే ఒక ట్రాక్ మీదకి ఇంకో ట్రాక్ దించాడు. జనం చేతులెత్తి అరిచారు. నా పక్కనున్న కుర్రాడు మాత్రం డీజే భుజం మీదుగా ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసి, గబగబా చెవులు మూసుకున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"8ఏ మీద 2ఏ వేశాడంకుల్! ఛీ!"

ముందు స్క్రీను, తర్వాత చెవులు. ఈ వరస గుర్తుంచుకోండి.

అజ్ఞానుల కోసం చెబుతున్నాను. ఏ పాట శ్రుతికి ఏ పాట శ్రుతి పొసుగుతుందో చెప్పడానికి డీజేలకి కేమెలాట్ చక్రమని ఒకటుంది. మన రాశిచక్రంలాగే 12 ఇళ్లు, ఇంటికి రెండు వాటాలు. మైనర్ శ్రుతులది ఏ, మేజర్ శ్రుతులది బీ. 'ఏ మైనర్' అనే శ్రుతి 8ఏలో కాపురముంటే, 'సీ మేజర్' పక్క వాటా 8బీలో. సంబంధం ఆ ఇంట్లోనే కలుపుకోవాలి, లేదా ఇరుగుపొరుగున 7ఏ, 9ఏలలో చూసుకోవాలి. 2ఏ సరిగ్గా ఎదురిల్లు. మన సిద్ధాంతులైతే సమసప్తకమని మురిసిపోయి ముహూర్తం పెట్టేసేవారు. ఈ చక్రం వారికి అంత పెద్ద మనసు లేదు.

ఇక రెండు ట్రాకుల పెళ్లిచూపులు ఊహించుకోండి. పురోహితుడు శ్రుతి కనిపెట్టే సాఫ్ట్‌వేర్. "అబ్బాయి 8ఏ, అమ్మాయి 9ఏ, దివ్యమైన పొంతన!" అబ్బాయి వేగం నిమిషానికి 128 బీట్లు, అమ్మాయిది 136. ఫర్వాలేదు, అబ్బాయిని కాస్త పరుగెత్తిద్దాం అన్నారు పెద్దలు. పరుగెత్తించారు. వేగం ఆరు శాతం పెరిగేసరికి శ్రుతి కూడా దాదాపు అర స్వరం పైకి జరిగింది. తాళి కట్టే వేళకి పెళ్లికొడుకు 3ఏ! పీటల మీద గోత్రం మారిపోయింది. శ్రుతి కదలకుండా వేగం మార్చే మాస్టర్ టెంపో బటన్ నొక్కి ఉంటే ఇలా జరిగేది కాదని ఆడపెళ్లివారు, నొక్కితే అబ్బాయి గొంతు బొంగురుపోతుందని మగపెళ్లివారు. ఇంతలో ఇంకో పురోహితుడొచ్చి అబ్బాయిది అసలు 8ఏ కాదు, 1ఏ అన్నాడు. ఏం చేస్తారు పాపం! అబ్బాయి ఆస్తంతా కలిపితే ఒక కిక్ డ్రమ్ము, ఒక హై హ్యాటు, దూరంగా ఒక మూలుగు. ఆ మూలుగు పట్టుకుని జాతకం రాయమంటే ఎవరికి తోచింది వాళ్లు రాశారు.

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. చాలా టెక్నో కొంపల్లో ఆ తల్లి పండగకో పబ్బానికో కనిపిస్తుంది. తండ్రి మాత్రం నిమిషానికి 130 సార్లు తలుపు బాదుతూనే ఉంటాడు.

ఒకటి ఒప్పుకుంటాను. రాగం గట్టిగా వినిపించే రెండు ట్రాకుల్ని, 8ఏ మీద 2ఏని, అంటే 'ఏ మైనర్' మీద 'ఈ ఫ్లాట్ మైనర్'ని, రెండు నిమిషాలు కలిపి ఉంచితే పిల్లులు కొట్లాడుకున్నట్టే ఉంటుంది. కానీ ఆ సంగతి పిల్లులే చెబుతాయి కదా!

నాకు మండేది అక్కడే. 1980లలో, కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే నల్లజాతి కుర్రాళ్లు దొరికిన డ్రమ్ మెషిన్లతో ఈ సంగీతం పుట్టించారు. అదే ఊరి జెఫ్ మిల్స్ మూడు టర్న్‌టేబుళ్లు, పక్కన ఒక 909 డ్రమ్ మెషిన్ పెట్టుకుని ఆడించేవాడు. ఒక చెవి హెడ్‌ఫోన్‌కి, ఒక చెవి ఫ్లోర్‌కి అప్పగించి, రికార్డు అంచుని వేలితో తాకి వేగం సరిచేయడం డీజేలందరికీ ఓనమాలు. వేగం దానంతటదే కలిపే సింక్ బటన్ నొక్కుతారా, నొక్కండి, నాకేం గొడవ లేదు. కానీ వినండ్రా! రెండు లక్షల సరంజామా ముందేసుకుని, దేవుడిచ్చిన రెండు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించడం కూడా దండగనుకుని మెళ్లో హారంలా వేలాడదీసుకుంటారా? ఎదురుగా మూడొందల మంది చెమటలు కక్కుతూ ఎగురుతుంటే తలెత్తి చూడరా? స్క్రీను మీద పొంతన కుదిరిందని పచ్చరంగు అంకె వెలిగితేనే పాట బాగున్నట్టా?

కోపంలో పక్క కుర్రాడి సంగతి మరిచాను. వాడింకా చెవులు మూసుకునే ఉన్నాడు. భుజం తట్టి, ఇప్పుడు మోగుతున్నది బాగుందా అని అడిగాను. ఎవరో బీరు గ్లాసుల ట్రే తెచ్చి సరిగ్గా ల్యాప్‌టాప్‌కి అడ్డంగా పెట్టారు. వాడు మెడ ఇటు సాచాడు, అటు సాచాడు.

"ఒక్క నిమిషం ఆగండంకుల్," అన్నాడు, "కనబడట్లేదు."