ఇంటికా, జకాత్‌కా?

రంజాన్ నెల సగం దాటాక హైదరాబాద్ పత్థర్‌గట్టి వైపు ఏదైనా చీరల కొట్టుకి వెళ్లి చూడండి. చీర చూపించమంటే సేల్స్‌మన్ రంగు అడగడు, బడ్జెట్ అడగడు. "ఘర్ కే వాస్తే హోనా కీ జకాత్ కే వాస్తే?" అంటాడు. ఇంటికా, జకాత్‌కా అని. జకాత్ అంటే ఉన్న ముస్లిం ఏటా తన సొమ్ములోంచి పేదలకి తప్పక తీయాల్సిన వాటా. పట్టు, నూలు, సింథటిక్ అంటూ నేతగాళ్లు తరతరాలుగా చేసిన విభజనంతా దండగ. లోకంలో ఉన్నవి రెండే రకాలు: మనుషులు కట్టుకునేవి, జకాత్‌కి ఇచ్చేవి.

ఇంత గొప్ప ఆవిష్కరణకి ఎవరూ సన్మానం చేయకపోవడం నాకు బాధగా ఉంది.

జకాత్ చీరను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. విప్పి పట్టుకుంటే అవతలి ట్యూబ్‌లైట్ కనిపించాలి. మొదటి ఉతుకుకే రంగంతా బకెట్లోకి దిగిపోవాలి. అయిదున్నర మీటర్లని అట్ట మీద రాసి ఉంటుంది గానీ ఆ సంగతి చీరకి తెలియదు. జాకెట్టు గుడ్డ అడక్కండి. ఎక్స్ఛేంజ్ ఉండదు, కట్టుకునే మనిషి ఎలాగూ కొట్టుకి రాదు కదా.

మా ఎరుకలో ఒక సేఠ్ గారున్నారు. ఏటా నమ్మకంగా జకాత్ తీస్తారు. నిసాబ్ అంటే, ఎంత ఆస్తి ఉంటే జకాత్ తప్పనిసరో ఆ హద్దు, 612.36 గ్రాముల వెండి అని దశాంశాలతో సహా చెప్తారు. ఆయన షాపింగ్ చూసి తీరాలి. ఇంటావిడ చీర అంచుని బొటనవేలితో రుద్ది, వెలుతురులోకి తీసుకెళ్లి, కొంగు విప్పించి, మడత పెట్టించి, మళ్లీ విప్పించి గంటసేపు కూర్చుంటారు. తర్వాత గుమ్మం దాటుతూ, వెనక్కి తిరక్కుండానే, "వో దో సౌ బాంధ్ దో" అంటారు. ఆ రెండు వందల చీరల్లో ఒక్కదాన్నీ ముట్టుకోరు. ముట్టుకుంటే చిరుగుతుందని తెలిసిన మనిషి.

అసలు ప్రతిభ లెక్కల దగ్గర బయటపడుతుంది. కొన్నది 130కి. అట్ట మీద ముద్రించిన ధర 599. జకాత్ పుస్తకంలో ఎక్కేది ఏదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పెట్టింది 26,000, అల్లాకి చూపించింది 1,19,800. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి ఈ బిల్లు పెట్టడానికి ఆయనకి ధైర్యం చాలదు. వాళ్లు తనిఖీ చేస్తారని భయం.

ఇక పంపిణీ. వెనక ఫ్లెక్సీ, అందులో సేఠ్ గారి నిలువెత్తు బొమ్మ, చుట్టూ బంధువర్గం గుండ్రటి ఫోటోలు. ఉపవాసం ఉన్న వితంతువులు పొద్దున్నుంచి టోకెన్లు పట్టుకుని ఎండలో. మొదటి ఆవిడ వచ్చింది. సేఠ్ గారు చీర ఇచ్చారు గానీ వదల్లేదు. ఫోటో కావాలిగా. ఆవిడ అటు లాగుతోంది, ఈయన ఇటు పట్టుకున్నారు, మధ్యలో చీర తన ప్రాణం తను అరచేతిలో పెట్టుకుంది. "సాబ్, కళ్లు మూశారు, ఇంకోటి" అన్నాడు ఫోటోగ్రాఫర్. మళ్లీ నవ్వారు. "అమ్మా, మీరు కూడా కొంచెం నవ్వండి." ఆవిడ బురఖా ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. "మొహం కనబడట్లేదు, ముసుగు తీయమనండి" అన్నాడు స్టేజీ మీద ఒక పెద్దమనిషి. ఆడవాళ్ల పర్దా గురించి ప్రతి శుక్రవారం గంటసేపు మాట్లాడేది ఆయనే.

కుడి చేయి ఇచ్చేది ఎడమ చేతికి తెలియకుండా ఇవ్వమని కదా హదీసు, ప్రవక్త మాట, అన్నాను పక్కనున్నాయనతో. "ఎడమ చేతికి తెలియకూడదన్నారు, ఊరికి తెలియకూడదని ఎక్కడన్నారు?" అన్నాడు. నిజమే, సేఠ్ గారి ఎడమ చేతిలో మైకుంది, దానికేం తెలుస్తుంది పాపం.

"కళ్లు మూశారు" అన్న ఫోటోగ్రాఫర్ తెలియకుండానే సరైన ఖురాన్ ఆయత్ (వాక్యం) చదివాడని తర్వాత తట్టింది. బఖరా సూరా (అధ్యాయం) 267: మీకే ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప పుచ్చుకోని నాసిరకాన్ని ఏరి దానం చేయకండి. పధ్నాలుగు వందల ఏళ్ల కిందటే ఈ కొట్లో ఈ అరని చూసినట్టుంది. మందల మీద జకాత్ కింద ముసలి జీవాన్ని, లోపమున్న జీవాన్ని తీసుకోకూడదని మొదటి ఖలీఫా హజ్రత్ అబూబకర్ రాయించిన లేఖలోనూ ఉంది. అలాగని సేఠ్ గారి పట్టుచీర లాక్కుంటామని ఎవరూ అనడం లేదు. తన సహచరుడు ముఆజ్‌ని యమన్ పంపుతూ, జనం ఆస్తిలో మేలైనవి ఏరి తీసుకోకు అని ప్రవక్త (స) హెచ్చరించారు కూడా. నడిమి రకం ఇమ్మన్నారు, అంతే. ఆ నడిమి రకమే ఈ కొట్లో లేదు.

అసలు ఇది ఆయన డబ్బయితే కదా దాత అనడానికి! నిసాబ్ మించిన సొమ్ము మీద ఏడాది నిండిన రోజే అందులో రెండున్నర శాతం వేరేవాళ్లదైపోయింది. ఎవరెవరిదో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అడిగేవాడికీ, అడగలేనివాడికీ ధనికుడి ఆస్తిలో హక్కుందని జారియాత్ సూరా అంటుంది. హక్కు! సేఠ్ గారు డెలివరీ బాయ్ మాత్రమే. బిర్యానీలో ముక్కలన్నీ దారిలో తినేసి, ఉత్త అన్నం చేతిలో పెట్టి, మీతో సెల్ఫీ దిగి, పైగా దండ వేయమని మెడ వంచే డెలివరీ బాయ్.

నవ్వొస్తోందా? 2015 జులైలో బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్‌లో ఒక ఫ్యాక్టరీ యజమాని ఇంటి గేటు ముందు ఇలాంటి జకాత్ బట్టల కోసమే తెల్లారకముందే జనం చేరారు. గేటు తీశారు. తొక్కిసలాటలో కనీసం 23 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు. 2023 ఏప్రిల్‌లో, ఇంకో రెండు రోజుల్లో పండుగనగా, యమన్ రాజధాని సనాలో మనిషికి 5,000 రియాళ్లు పంచుతామంటే ఒక బడి దగ్గర 78 మందికి పైగా పోయారు. యాడాది పొడుగునా పాలు, పేపరు, గ్యాసు ఇంటింటికీ వెళ్తాయి. పేదవాడి సొంత సొమ్ము మాత్రం అతనింటికి వెళ్లలేదా? వెళ్లగలదు. వెళ్తే గేటు ముందు జనం ఉండరు, బాల్కనీలోంచి చూసుకోవడానికి ఏమీ ఉండదు. ఆ చూసుకునే సరదా ఖరీదు ఆ ఆడవాళ్లు కట్టారు. ఇది దానమా? సిగ్గుండాలి!

ఈసారి సేఠ్ గారికి మెల్లగా చెప్పి చూశాను. చీరలొద్దు, డబ్బే యూపీఐలో వేసేయండి సేఠ్ సాబ్, ఎవరికేం కావాలో వాళ్లే కొనుక్కుంటారు, మందులో, ఫీజో, అద్దో అన్నాను. "ఫోటో రాదు కదా భాయ్" అన్నారు దిగులుగా. ఆలోచిస్తానన్నారు.

ఆలోచించారు. రంజాన్ ఇరవై ఏడో రాత్రి ఆయన వాట్సాప్ స్టేటస్‌లో వరసగా స్క్రీన్‌షాట్లు పడ్డాయి. తన అకౌంట్ నంబరు మీద మాత్రం నల్ల గీత కొట్టారు. పుచ్చుకున్నవాళ్ల పేర్లు అలాగే ఉన్నాయి.