ఈ మెసేజ్ ప్రకారం మా ఇంట్లో ఓటు ఎవరికి మిగులుతుందో చూద్దాం

ఈ నెలలో నాలుగోసారండీ ఆ మెసేజ్ రావడం. ముందు టెన్త్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, నిన్న పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మా డాలస్ బావగారు పెట్టారు, కింద మూడు జెండాలు రెండు దణ్ణాలు. "దేశం బాగుపడాలంటే ఇదొక్కటే దారి" అని హెడ్డింగు. పాయింట్లు అయిదు. ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్ళకే ఓటు. డిగ్రీ ఉన్నవాళ్ళకే ఓటు. ఇద్దరికి మించి పిల్లలుంటే ఓటు కట్. తల్లిదండ్రుల బర్త్ సర్టిఫికెట్లు చూపించలేనివాళ్ళు పౌరులే కాదు. ఒక మనిషికి ఒక్కచోటే ఓటు. మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నా. నాలుగోసారి ఊళ్ళోంచి మా అమ్మ ఫోన్ చేసి "నా ఓటు తీసేస్తారా ఏంట్రా" అంది. ఇక ఊరుకోవడం అయ్యే పని కాదు.

పిల్లల పాయింటు ముందు అవతల పడేద్దాం. బావగారూ, మీరు మీ నాన్నగారికి మూడో సంతానం. ఆంధ్రాలో స్థానిక ఎన్నికల్లో పోటీ చేయడానికి ఉన్న ఇద్దరు పిల్లల రూలునే 2024లో ఎత్తేశారు, ముఖ్యమంత్రిగారు ఇంకా కనమని సభల్లో చెప్తున్నారు, మీ మెసేజ్ ఏ కాలంలో రాశారో మరి. నెక్స్ట్.

టాక్స్. 2025 బడ్జెట్ తర్వాత కొత్త రెజీమ్‌లో జీతం పన్నెండు లక్షల డెబ్బై అయిదు వేల దాకా ఉన్నా కట్టాల్సిన పన్ను సున్నా. అంటే ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్న మా టెన్త్ బ్యాచ్‌లో సగం మందికి ఓటు పోయినట్టే, నాతో సహా. వ్యవసాయ ఆదాయం మీద ఎలాగూ పన్ను లేదు కాబట్టి ఇరవై ఎకరాల ఆసామికీ ఓటు లేదు, ఆయన పొలంలో కలుపు తీసే ఆవిడకీ లేదు. "వాళ్ళేం కట్టరు కదా" అంటారా, ఆవిడ ఫోన్ రీచార్జి చేయిస్తే పద్దెనిమిది శాతం జీఎస్టీ పోతోంది, సబ్బు కొన్నా చెప్పులు కొన్నా కడుతూనే ఉంది. ఇక ఖజానాకి ఎవరెంత ఇస్తున్నారనే లెక్కలోకే దిగితే వైన్ షాపు ముందు క్యూలో నిలబడ్డవాళ్ళకి తలా రెండు ఓట్లు ఇవ్వాలి.

బావగారికి ఇంకో మాట. మీ టెక్సాస్‌లోనే 1902లో ఓటుకి పన్ను పెట్టారు, డాలరున్నర కడితేనే ఓటు. నల్లవాళ్ళూ మెక్సికన్లూ పేద తెల్లవాళ్ళూ బయటే ఉండిపోయారు, అదే కావలసింది కూడా. 1966లో కోర్టు కొట్టేసింది. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నన్నాళ్ళూ "టాక్సులు మాత్రం గుంజుతారు, ఓటు ఇవ్వరు" అని మీరే అనేవారు, గుర్తుందా? ఇప్పుడు ఆ దేశం పౌరసత్వం తీసుకున్నారు, సంతోషం, ఆ రోజే ఇక్కడిది పోయింది, విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుకి ఓటు రాదు. అంటే ఇక్కడ ఓటు లేని మనిషి ఇక్కడ ఎవరెవరికి ఓటు ఉండకూడదో లిస్టు పంపిస్తున్నారన్నమాట.

డిగ్రీ సంగతి. 1951 జనాభా లెక్కల్లో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి పద్దెనిమిది మంది. ఆ దేశంలోనే మొదటి ఎన్నికలకి పదిహేడు కోట్ల మందికి పైగా జనం పేర్లు ఓటరు లిస్టులో రాశారు. అంతకు ముందు, 1935 చట్టం కింద, ఆస్తో పన్నో చదువో ఉన్నవాళ్ళకే ఓటు, అంటే బావగారి మెసేజ్ బ్రిటిష్‌వాడు ఆల్రెడీ అమలు చేశాడు. నల్గొండలో వెట్టి చేసిన జనం 1952లో రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు వేసి పంపారు, వాళ్ళెవరూ బీకామ్ చదవలేదు. 1977లో ఎమర్జెన్సీ పెట్టినావిడని యూపీలో 85కి 85, బీహార్లో 54కి 54 సీట్లలో ఓడించింది ఎక్కువగా వేలిముద్ర జనమే. (మనం మాత్రం 42లో 41 ఆవిడ పార్టీకే ఇచ్చాం, అది వేరే కథ.) మొన్న 2024లో భువనగిరిలో 76 శాతం దాటింది పోలింగు, హైదరాబాద్‌లో సగం కూడా రాలేదు. మే 13 సోమవారం కదా, మా అపార్ట్‌మెంట్‌లో డిగ్రీలున్నవాళ్ళు మూడు రోజులు కలిసొచ్చాయని గోవాలో ఉన్నారు.

ఇప్పుడు అసలు విషం ఉన్న పాయింటు, కాగితాలు. దీనికే అమ్మ భయపడింది.

అమ్మ పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతిలో. ఎప్పుడమ్మా అంటే "ఏరువాకకి ముందు" అంటుంది, ఏ సంవత్సరం అంటే చిన్నమామయ్య కంటే రెండేళ్ళు పెద్ద అంటుంది. ఓటరు కార్డు మీద జనవరి ఒకటి. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో, మరి మా తాతయ్య బర్త్ సర్టిఫికెట్ ఎవరిస్తారు, చిత్రగుప్తుడా? పైగా పెళ్ళితో అమ్మ ఇంటిపేరు మారింది, తాతయ్య పట్టాదారు పాస్‌బుక్‌లో సుబ్బయ్య, రేషన్ కార్డులో వెంకట సుబ్బారావు. ఈ ముగ్గురూ ఒక్క కుటుంబమేనని రుజువు చేయడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో మీ మెసేజ్ రాసినవాడికి తెలుసా?

అసోంలో పౌరుల లిస్టు (ఎన్‌ఆర్‌సీ) అని ఇదే చేశారు. 3 కోట్ల 30 లక్షల మంది కాగితాలు పెట్టుకున్నారు, 2019 ఆగస్టు 31న ఫైనల్ లిస్టు వస్తే 19 లక్షల మంది పేర్లు లేవు. ఒకే ఇంట్లో అన్న ఉన్నాడు, తమ్ముడు లేడు. అదే ఏడాది, ముప్ఫై ఏళ్ళు ఆర్మీలో చేసి రిటైరైనాయన్ని విదేశీయుడివని డిటెన్షన్ సెంటర్‌లో పెట్టారు. చిన్నప్పుడే పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన ఆడవాళ్ళు ఫలానావాడి కూతురినని చూపించుకోలేక అల్లాడిపోయారు. కాగితం అడిగిన ప్రతిసారీ ముందు జారిపోయేది ఆడవాళ్ళే, మొదటి ఎన్నికలప్పుడే తమ పేరు చెప్పకుండా "ఫలానావాడి భార్య" అని రాయించుకున్నారని దాదాపు 28 లక్షల మంది పేర్లు తీసేశారు.

"ఆధార్ ఉందిగా" అని మా పిన్ని కొడుకు రిప్లై పెట్టాడు. ఒరే, ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే ఉంది. 2025లో బీహార్ ఓటర్ల లిస్టు సవరించినప్పుడు సుప్రీంకోర్టు ఆధార్ తీసుకోమన్నది మనిషి గుర్తింపు కోసం మాత్రమే. పాస్‌పోర్టు లేని, స్కూలుకి పోని ముసలావిడ దగ్గర ఇంకేం ఉంటుంది చెప్పు.

ఇంత గొడవలో ఎవరూ చూడనిదేంటంటే, చట్టం ఈ మెసేజ్ అంత కఠినం కాదు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపు ఇక్కడ పుట్టినవాళ్ళకి, ఏవో ఒకటి రెండు మినహాయింపులు తప్ప, తల్లిదండ్రులు ఎవరన్నది లెక్కలోకే రాదు, పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుట్టినవాళ్ళకే తల్లిదండ్రుల సంగతి వస్తుంది. అమ్మా, నువ్వు ఖాయం. డౌటు ఉంటే గింటే మాకే.

ఇక అయిదోది, ఒక మనిషికి ఒక్కచోటే ఓటు. రాయడం మొదలెట్టినప్పుడు దీన్నీ ఉతికేద్దామనే అనుకున్నా. కానీ అది కరెక్టు, ఎప్పట్నుంచో చట్టమే అది, రెండో చోట పేరు లేదని అబద్ధం రాసిస్తే ఏడాది దాకా జైలు. సిగ్గుగా ఉన్నా చెప్తున్నా, 2023 నవంబర్ 30న కూకట్‌పల్లిలో వేశాం నేనూ మా ఆవిడా, మళ్ళీ 2024 మే 13కి ఒంగోలు దగ్గర మా ఊరెళ్ళీ వేశాం, విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల వరస చూసినవాళ్ళకి మేమొక్కళ్ళమే కాదని తెలుసు. ఊళ్ళో పేరుంటే పరపతి అనుకున్నాం తప్ప, తప్పని అనుకోలేదు. బావగారూ, ఈ ఒక్క పాయింటు మీది గెలిచింది.

ఫారం 7 డౌన్‌లోడ్ చేశా, ఊళ్ళో మా ఇద్దరి పేర్లు తీసేయమని. అమ్మకి ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మీవి తీయించుకోండి, నా పేరు ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది.