గొంతిచ్చేవాడికి ఓటేది?

2012 నవంబరు చివరి వారం. జర్మనీ ఫుట్‌బాల్ మైదానాల్లో ఆట మొదలైంది. గ్యాలరీలు నిండుగా ఉన్నాయి గానీ పాట లేదు, డప్పు లేదు. బూటుకు బంతి తగిలిన చప్పుడు, ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకునే కేకలు పై మెట్టు దాకా వినపడ్డాయి. సరిగ్గా 12 నిమిషాల 12 సెకన్లు గడిచాక వేలాది గొంతులు ఒక్కసారిగా లేచాయి. డిసెంబరు 12న లీగులోని 36 క్లబ్బులు స్టేడియం భద్రతా నిబంధనల మీద ఓటెయ్యబోతున్నాయి. ఆ ముసాయిదాను తమను అడగకుండా రాశారన్నది అభిమానుల అభ్యంతరం. వాళ్ల నినాదం 'ఓనె స్టిమ్మె, కైనె స్టిమ్ముంగ్'. జర్మన్‌లో స్టిమ్మె అంటే గొంతు, ఓటుకూ అదే మాట. స్టిమ్ముంగ్ అంటే మైదానంలో పుట్టే సందడి. మాకు మాట లేకపోతే మీకు సందడి లేదని దాని అర్థం.

ఆ రోజు తీర్మానం నెగ్గింది, అభిమానులు ఓడారు. అయినా క్లబ్బు అభిమానం ఎలా నడుస్తుందో ఆ నినాదం చెప్పినంత సూటిగా మరేదీ చెప్పలేదు. గ్యాలరీలో కనిపించే పిచ్చి ప్రేమ గాల్లోంచి ఊడిపడదు. చవక టికెట్టు, నిలబడే చోటు, వారాల తరబడి చాకిరీ, వీటన్నిటికీ అడుగున క్లబ్బు నిర్ణయాల్లో ఒక హక్కు ఉంటేనే అది నిలుస్తుంది. ఆ హక్కు లేని చోట ప్రేమకు తక్కువేమీ ఉండదు. కాకపోతే ఒకరోజు పొద్దున్నే జట్టు ఊరు విడిచి వెళ్లిపోతే ఆపే దారి ఉండదు. అది హైదరాబాద్‌కు బాగా తెలుసు.

ముందు డార్ట్‌మండ్ చూద్దాం. బొరూసియా డార్ట్‌మండ్ మైదానంలో దక్షిణ గోల్‌పోస్టు వెనక ఉండే స్టాండులో దాదాపు 25,000 మంది నిలబడి ఆట చూస్తారు. యూరప్‌లో ఇంతకంటే పెద్ద నిలబడే స్టాండు లేదు. వెడల్పు 100 మీటర్లు, ఎత్తు 40 మీటర్లు, పై భాగంలో వాలు 37 డిగ్రీలు. ముందు మెట్టు మీదవాడి తల వెనకవాడి కళ్లకంటే కిందే ఉంటుంది కాబట్టి ఎవరికీ ఆట కనపడకుండా పోదు. అక్కడక్కడా నడుము ఎత్తున ఇనుప కమ్మీలు ఉంటాయి. గోల్ పడ్డప్పుడు పైనుంచి ముందుకు తోసుకొచ్చే జనం బరువును అవే ఆపుతాయి. సీజన్ మొత్తానికి, అంటే సొంత మైదానంలో 17 లీగ్ ఆటలకు, ఇక్కడ టికెట్టు 250 యూరోలకు అటూ ఇటూ. ఆటకు 15 యూరోలు అనుకోవచ్చు. ఇంత జనం వచ్చే క్లబ్బు ఇంకా ఎక్కువ గుంజగలదు. గుంజకపోవడానికి కారణం ఉదారత కాదు, ఆ కారణం కిందకొస్తుంది.

25,000 మంది ఒకే పాట పాడాలంటే పెద్ద చిక్కు శబ్దంతోనే. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. స్టాండు ఒక కొస నుంచి రెండో కొసకు చేరడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో చప్పట్లు కొడితే రెండు దెబ్బల మధ్య ఉండేది అర సెకనే. అంటే ఒక కొసన ఉన్నవాడు విన్నదాన్ని బట్టి కొడితే సగం దెబ్బకు మించి వెనకబడతాడు, పాట రెండు ముక్కలవుతుంది. అందుకే పాట అందించేవాడు స్టాండు మధ్యలో, కింది వరసలో కంచె దగ్గర ఎత్తు మీద నిలబడతాడు. డప్పులు అతని కాళ్ల దగ్గరే ఉంటాయి. అక్కడి నుంచి ఏ కొసకైనా 50 మీటర్లే, ఆలస్యం సగానికి తగ్గుతుంది. పై వరసలవాళ్లు చెవిని నమ్ముకోకుండా అతని చెయ్యి కదలికను చూసి కొడతారు. డప్పుల్ని రెండు కొసలకూ పంచితే పాట చెడిపోతుంది.  ఇంకో సంగతి, పాట అందించేవాడు ఆటకు వీపు పెట్టి నిలబడతాడు. తొంభై నిమిషాల్లో అతను చూసే ఆట చాలా తక్కువ.

ఆట మొదలయ్యే ముందు స్టాండు మీద లేచే భారీ బొమ్మ వెనక కష్టం ఇంకా పెద్దది. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గుడ్డ అనుకుందాం. 600 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 100 గ్రాముల పలుచని గుడ్డ వాడినా 60 కిలోలు. లీటరు రంగు ఆరేడు చదరపు మీటర్లకు వస్తుంది కాబట్టి ఒక్క పూతకే 90 లీటర్లు కావాలి. అదంతా ఆరాక కూడా మరికొన్ని పదుల కిలోలు మిగులుతుంది. చిన్న కాగితం మీద గీసిన బొమ్మకు గళ్లు కొట్టి, గుడ్డ మీద పెద్ద గళ్లు గీసి ఒక్కో గడినీ ఎక్కిస్తారు, లేదా ప్రొజెక్టరుతో గుడ్డ మీద వేసి అంచులు దిద్దుతారు. గుడ్డ పట్టీలను రంగు వేయకముందే కుట్టాలి. తర్వాత కుడితే కుట్టు దగ్గర గీతలు కలవవు. జర్మనీలో ఇలాంటి గుడ్డ తొందరగా అంటుకోనిదన్న ధ్రువీకరణ కూడా స్టేడియానికి చూపించాలి.

చెడేది ఎక్కువగా చివరి గంటలోనే. రంగు పూర్తిగా ఆరకుండా చుడితే పొరలు అంటుకుని విప్పేటప్పుడు బొమ్మ చిరుగుతుంది. మడత ఏ వైపు నుంచి మొదలైందో గుర్తు పెట్టకపోతే తలకిందులుగా లేస్తుంది. తాళ్లతో పైకి లాగేవాళ్లలో ఒక వైపువాళ్లు రెండు చేతులు ముందు లాగినా గుడ్డ ఒరిగి చిక్కుకుంటుంది. డార్ట్‌మండ్ అభిమానులు 2013 ఏప్రిల్ 9న మలాగాతో ఆటకు ముందు బైనాక్యులర్‌తో చూస్తున్న భారీ బొమ్మను ఇలాగే పైకి లేపారు. ఆ రాత్రి తొంభై నిమిషాలు దాటాక కలిపిన కొద్ది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి డార్ట్‌మండ్ 3-2తో గెలిచింది. బొమ్మ కనపడేది రెండు మూడు నిమిషాలు. డబ్బు స్టాండులో డబ్బాలు తిప్పి పోగు చేసింది. జీతం ఎవరికీ లేదు.

జీతం లేకుండా ఇంత చాకిరీ ఎందుకంటే, ఆ ఇల్లు తమదని వాళ్లకు కాగితం మీద కూడా రాసి ఉంది. 1998లో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బులు తమ వృత్తి జట్లను కంపెనీలుగా మార్చుకోవడానికి అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది. కంపెనీలో ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. అదే 50+1 నిబంధన. డార్ట్‌మండ్ 2000లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది, వాటాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. కంపెనీని నడిపే సంస్థ మాత్రం సంఘానిది. ఆ సంఘంలో 2 లక్షలకు పైగా సభ్యులున్నారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వాళ్లే. టికెట్టు ధర పెంచాలనుకునే అధ్యక్షుడు మళ్లీ వాళ్ల ముందే నిలబడాలి. 15 యూరోల టికెట్టు వెనక ఉన్న కారణం ఇదే.

ఈ ఏర్పాటు అన్నిటికీ మందు అనడం అబద్ధం అవుతుంది. 2005లో డార్ట్‌మండ్ దివాలా అంచు దాకా వెళ్లింది. సభ్యుల సంఘం ఉన్నా అప్పుల మీద అప్పులు చేసిన యాజమాన్యాన్ని వేళకు ఆపలేకపోయింది. లెవర్‌కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్బులు కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి, వాటికి మినహాయింపు ఇచ్చారు. లైప్‌జిగ్‌లో ఓటు హక్కున్న సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత కొద్దిమంది, నిబంధన అక్షరానికి కట్టుబడి దాని ప్రాణం తీశారు. 2013 నుంచి 2023 వరకు వరుసగా పదకొండు టైటిళ్లు బయర్న్ మ్యూనిక్ గెలిచింది కాబట్టి, బయటి పెట్టుబడి రానివ్వకపోతే పోటీ ఉండదని వాదించేవాళ్లున్నారు. వాదనలో బలం లేకపోలేదు. కానీ కరోనా రోజులు తప్పిస్తే ఆ కాలమంతా జర్మనీ స్టేడియాలు నిండే ఉన్నాయి. కప్పు రాకపోయినా జనం వచ్చారంటే వాళ్లు వచ్చింది కప్పు కోసం మాత్రమే అనుకోవడం పొరపాటు.

ఓటు ఉన్నచోట గొంతుకు ఎంత విలువో రెండు సందర్భాలు చూపాయి. లీగు సోమవారం రాత్రి ఆటలు పెట్టింది. పనికి పోయేవాళ్లు వేరే ఊరి ఆటకు ఎలా వెళ్తారని అభిమానులు అడిగారు. 2018 ఫిబ్రవరి 26న ఆగ్స్‌బర్గ్‌తో ఆటకు 81,000 పైన పట్టే డార్ట్‌మండ్ స్టేడియానికి వచ్చింది 54,300 మందే. దక్షిణ స్టాండు ఖాళీ మెట్లతో టీవీలో కనపడింది. 2021-22 నుంచి సోమవారం ఆటలు లేవు. రెండోది ఇంకా పెద్దది. 2023 డిసెంబరులో లీగు ప్రసార ఆదాయంలో 8 శాతాన్ని 20 ఏళ్లకు పెట్టుబడి సంస్థకు అమ్మే ప్రతిపాదనకు 36లో 24 ఓట్లు వచ్చాయి, మూడింట రెండు వంతులకు సరిగ్గా సరిపోయాయి. హానోవర్ సభ్యుల సంఘం తన ప్రతినిధిని వ్యతిరేకంగా వెయ్యమని ఆదేశించింది. ఓటింగ్ రహస్యం కావడంతో అతను ఏం వేశాడో తేలలేదు. అక్కడి నుంచి ప్రతి వారం టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు, రిమోట్ కార్లు మైదానంలో పడ్డాయి. ఆటలు ఆగి ఆగి సాగాయి. 2024 ఫిబ్రవరి 21న లీగు ఆ బేరాన్ని వదులుకుంది.

కోల్‌కతాది మధ్యస్థ పరిస్థితి. 1889లో పుట్టిన మోహన్ బగాన్ సభ్యుల సంఘమే, ఎన్నికలు జరుగుతాయి. కానీ 2020లో జట్టు పెట్టుబడిదారుతో కలిసినప్పుడు, ఆయన పాత జట్టు పేరైన ఏటీకే దాని పేరు ముందు చేరింది. అభిమానులు మూడేళ్లు 'ఏటీకే తీసెయ్యండి' అని వీధుల్లో, గ్యాలరీల్లో అడిగారు. 2023 మార్చిలో దేశపు పెద్ద లీగైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రాత్రి యజమాని ఆ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించారు. మూడు అక్షరాల కోసం మూడేళ్ల పోరాటమా అనిపించవచ్చు. ఇంటిపేరు మార్చమంటే ఎవరైనా అంతే పట్టుబడతారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రహీమ్ శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం తెచ్చింది. ఇంత చరిత్ర ఉన్న ఊరికి ఐఎస్ఎల్ జట్టు 2019లో వచ్చింది. పుణే సిటీ క్లబ్బు మూతపడి, ఆ ఫ్రాంచైజీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే మనకు జట్టు దొరికిన రోజే పుణే అభిమానులు తమది పోగొట్టుకున్నారు. ఆ రోజు మనం ఆలోచించాల్సింది.

మొదటి సీజన్‌లో అట్టడుగు. తర్వాత రెండేళ్లు కరోనా వల్ల లీగంతా గోవాలోనే, గచ్చిబౌలి గ్యాలరీ తలుపులు తెరుచుకోలేదు. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిశాక పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు హైదరాబాద్‌ది. ఊరి జట్టు దేశ విజేత అయింది, కానీ ఆ రెండేళ్లలో ఒక్క ఆట కూడా ఊళ్లో జరగలేదు. గ్యాలరీకి అలవాటు అనేది వారం వారం వచ్చి నిలబడితేనే పడుతుంది. డెక్కన్ లీజియన్ పేరుతో పసుపు జెండాలు పట్టుకుని నిలిచినవాళ్లకు ఆ వారాలు మళ్లీ దొరికింది 2022-23లోనే. ఆ మరుసటి సీజన్‌కే జీతాల బకాయిలు, ఫిఫా విధించిన బదిలీ నిషేధాలు, ఆటగాళ్ల వలస, మళ్లీ అట్టడుగు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఈ తరలింపు మీద అభిమానుల సంతకం ఎక్కడా అక్కర్లేకపోయింది. జెండా మోసినవాణ్ణి పదవుల వేళ మరిచిపోవడం మన రాజకీయాల్లో చూస్తూనే ఉన్నాం, ఇక్కడ జెండానే తీసుకెళ్లిపోయారు. సినిమా అభిమానంతో దీన్ని పోల్చేవాళ్లుంటారు. హీరో ఒక మనిషి, ఆయన ఇష్టం ఆయనది. ఊరి పేరు పెట్టుకున్న క్లబ్బు ఆ ఊరి దగ్గర అప్పు తీసుకున్నట్టే లెక్క. ఇంగ్లండ్ ఈ సంగతిని చట్టంలో రాసుకుంది. 2025లో వచ్చిన ఫుట్‌బాల్ పాలన చట్టం ప్రకారం క్లబ్బు పేరు, చిహ్నం, సొంత మైదానంలో వేసుకునే చొక్కా రంగులు మార్చాలన్నా, మైదానం వదలాలన్నా యజమాని ఇష్టం ఒక్కటే చాలదు. మన లీగు ఫ్రాంచైజీ ఒప్పందాల్లో కూడా ఇలాంటి షరతు పెట్టవచ్చు: పేరులో ఉన్న ఊరిని వదలాలంటే ఒక పూర్తి సీజన్ ముందు ప్రకటించాలి, పేరు, చిహ్నం, గెలిచిన కప్పుల గుర్తింపు ఆ ఊరికే వదిలి వెళ్లాలి.

ఆ షరతు వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఇంగ్లండ్ చట్టం వెనక లండన్ క్లబ్బు వింబుల్డన్ గాయం కూడా ఉంది. 2002 మే 28న ఆ క్లబ్బును 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టారు. ఊరి బహిరంగ మైదానంలో ఆటగాళ్ల ఎంపిక పెడితే 200 మందికి పైగా వచ్చారు. తొమ్మిదో అంచె లీగులో మొదలై 2011 నాటికి వృత్తి లీగుకు చేరారు. 2020లో పాత మైదానం ఉన్న వీధిలోనే కొత్తది కట్టుకున్నారు. క్లబ్బులో మెజారిటీ వాటా అభిమానుల ట్రస్టుది, అందులో మనిషికి ఒక ఓటు.

ఆ ట్రస్టులాంటి పరికరం మన దగ్గర లేదనుకుంటే పొరపాటు. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. పొదుపు సంఘాల మహిళలకు మ్యాక్స్ అనే పేరుతో బాగా తెలిసిన చట్టమే. అందులోనూ మనిషికి ఒకే ఓటు, ఎన్ని వాటాలున్నా. 5,000 మంది ఏడాదికి 500 రూపాయలు కడితే 25 లక్షలు. ఐఎస్ఎల్‌కు అది ఏ మూలకూ చాలదు. నగర లీగులో ఒక జట్టును దింపి, పిల్లల శిక్షణకు మైదానం అద్దె కట్టి, గోల్‌పోస్టు వెనక వంద మంది పాడుకునే చోటు చేసుకోవడానికి పనికొస్తుంది. ఏఎఫ్‌సీ వింబుల్డన్ మొదటి సీజన్ కూడా చిన్న చిన్న మైదానాల్లోనే ఆడింది.