టమాటా మీద నింద, మిర్చిలో దోషం

బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదివే యంత్రాల గురించి వివరించిన ఒక వ్యాసంలో, ఆ పరీక్షలు వచ్చాక సాల్మొనెల్లా (కలుషిత ఆహారం ద్వారా జబ్బు చేసే బ్యాక్టీరియా) ఏ ఆహారం నుంచి వచ్చిందో కనిపెట్టడం సులువైపోయిందని రచయిత రాశారు. అది సగమే నిజం. ఇద్దరు రోగుల్లో ఉన్నది ఒకే రకం బ్యాక్టీరియా అని పరీక్ష చెబుతుంది. వాళ్లు ఏం తిన్నారన్నది మాత్రం అడిగి తెలుసుకోవలసిందే.

2008లో అమెరికాలో సాల్మొనెల్లా సెయింట్‌పాల్ రకం సోకి 1,400 మందికి పైగా జబ్బుపడ్డారు. రోగులు చెప్పినదాన్ని బట్టి మొదట పచ్చి టమాటాలను అనుమానించారు. జూన్‌లో దేశమంతటికీ హెచ్చరిక వెళ్లింది, టమాటా రైతులు ఘోరంగా నష్టపోయారు. అయినా కొత్త కేసులు ఆగలేదు! సల్సా అనే మెక్సికన్ పచ్చడిలో టమాటా, మిర్చి కలిసే ఉంటాయి. టమాటా గుర్తుంటుంది కానీ, రెండు వారాల కిందటి భోజనంపై చల్లిన మిర్చి ముక్కలు ఎవరికి గుర్తుంటాయి?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర ఆరోగ్య శాఖవారు ఒకే హోటల్లో తిని జబ్బుపడినవారినీ, పడనివారినీ వెతికి పట్టుకున్నారు. వాళ్లు తిన్న వంటకాలను దినుసుల వారీగా విడదీసి పోల్చారు. అప్పుడు హలపేన్యో మిర్చి బయటపడింది. తర్వాత మెక్సికోలోని ఒక పొలంలో సెరానో మిర్చిలోనూ, సాగునీటిలోనూ అదే రకం బ్యాక్టీరియా దొరికింది.

ఆ మిన్నెసోటా శాఖలో రోగులకు వెంటనే ఫోన్ చేసి వివరాలు రాబట్టడానికి శిక్షణ పొందిన విద్యార్థుల బృందం ఉంది. యంత్రాల గురించి అంత వివరంగా రాసిన రచయిత, ఇలా ఓపికగా అడిగే మనుషుల గురించి ఒక్క పేరా అయినా రాయవలసింది.