ఉట్టికెక్కిన బిర్యానీ

తాడును కనిపెట్టింది ఎవరో తెలియదు గానీ, మా అపార్టుమెంటుకు దాన్ని పరిచయం చేసిన ఘనత మాత్రం నాలుగో అంతస్తు పొరుగాయనది. అంతవరకు మాకు తాడంటే బట్టలారేసుకునేది, సంచి అంటే రైతుబజారుకు వెళ్తూ ఇంట్లో మరిచిపోయేది. ఆ అజ్ఞానంలో హాయిగానే ఉన్నాం. ఒక ఆదివారం ఆయన ఆరుబయట మనుగడ శిక్షణ ముగించుకుని, భుజాన 30 మీటర్ల నీలం తాడు, వీపున నీళ్లు చొరబడని సంచి, ముంజేతికి తాడుతో అల్లిన కడియం ధరించి లిఫ్టులోంచి వెలువడ్డారు.

ముందు కడియం సంగతి. దాన్ని అల్లిన తాడును పారాకార్డ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పారాచూట్లకు కట్టిన నైలాన్ తాడు ఇదే. మందం 4 మిల్లీమీటర్లే అయినా 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోల బరువు ఆపుతుంది. విమానంలోంచి దూకిన సైనికుడిని మోసిన ఆ తాడు ఇవాళ కొండాపూర్‌లో, లిఫ్టు చెడితే పాతిక కిలోల బియ్యం బస్తాను కిందే వదిలి వాచ్‌మన్‌ను కేకేసే చేతిని అలంకరించింది. అడవిలో దారి తప్పితే కడియం విప్పి ప్రాణం దక్కించుకోవచ్చట. నాకు తెలిసి ఆయన దారి తప్పేది కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గరే.

తర్వాత ముడులు నేర్పారు. రుసుము తీసుకుని మరీ. మా నాయనమ్మ చేంతాడు కొసన ఉచ్చు వేసి, బిందె మెడకు బిగించి, బావిలోకి వదిలి లాగేది. బిందె జారిపడితే పాతాళగరిగె వేసి పైకి తీసేది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు ఒక్కదాన్నే నమ్ముకుని ఆకాశంలో పని చేస్తాడు. వీళ్లెవరికీ సర్టిఫికెట్లు లేవు గనుక వీళ్లది విద్య కాదు.

సంచి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో నేనూ దోషినే. 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులు 2022 చివరి రోజు నుంచి నిషిద్ధం. ఆ నిషేధానికి భయపడి అవన్నీ మా వంటింటి తలుపు వెనక ఒక పెద్ద సంచిలో తలదాచుకున్నాయి. మీ ఇంట్లోనూ ఉంటుంది, నాకు తెలుసు.

ఇక అనంతగిరి. హైదరాబాద్‌కు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ పక్కన ఉన్న ఆ కొండల మీదకు మమ్మల్ని పది మందిని తీసుకెళ్లారు. పాఠం: రాత్రిపూట ఆహారాన్ని కాపాడుకోవడం. అమెరికా అడవుల్లో తిండిని సంచిలో పెట్టి, నేలకు నాలుగు మీటర్ల ఎత్తున, మానుకు రెండు మీటర్ల ఎడంగా, కొమ్మకు వేలాడదీస్తారు. ఎలుగుబంటికి అందకుండా. దాన్ని మనం ఉట్టి అంటామని ఒక పెద్దాయన గొణిగారు గానీ, పాఠం మధ్యలో మాట్లాడకూడదన్నారు. సంచిలో దారిలో కట్టించుకున్న పది బిర్యానీలు. తాడు కొసకు రాయి కట్టి కొమ్మ మీదుగా విసరాలి. మొదటి విసురు వేరే చెట్టుకు తగిలింది. రెండోది కారు అద్దానికి. మూడోసారి రాయి ఊడి తాడు గడ్డిలో పడితే, ఒకావిడ పామని కెవ్వుమన్నారు. రజ్జుసర్పభ్రాంతికి ఇంత చక్కటి ఉదాహరణ వేదాంత తరగతిలో కూడా దొరకదు. పొద్దు వాలేవేళకు, తాడో పేడో తేల్చుకోవాలన్న పట్టుదలతో, బిర్యానీ ఉట్టికెక్కింది. చప్పట్లు కొట్టాం. ఎలుగుబంటి రాలేదు. కోతి వచ్చింది. కొమ్మ మీద తీరిగ్గా కూర్చుని, రెండు చేతులూ మార్చి మార్చి, అచ్చం మా నాయనమ్మ నీళ్లు తోడినట్టు తాడు పైకి లాగింది. సంచిలోకి నీళ్లు చొరబడవన్నారు, నిజమే. కోతి సంగతి ఎవరూ హామీ ఇవ్వలేదు.

మొన్న మంగళవారం మా సెల్లార్‌లో మ్యాన్‌హోల్ పొంగింది. యంత్రమున్న లారీ ఖర్చెక్కువని కమిటీ ఇద్దరు కూలీలను పిలిచింది. ఒకతను చొక్కా విప్పి, మూత జరిపి, "తాడేమైనా ఉందా సార్?" అని అడిగాడు. అందరం నాలుగో అంతస్తు వైపు చూశాం. ఆయన బాల్కనీలోంచి వివరించారు: అది కొండలెక్కే తాడు, జారిన మనిషి బరువుకు సాగి కుదుపు తగ్గిస్తుంది, మురికి పడితే పోగులు పాడవుతాయి. శాస్త్రం ప్రకారం ప్రతి మాటా నిజం. జారే మనిషెవరన్నదే తేడా.

ఆ గోతిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు. ఎక్కువైతే ముక్కే చచ్చిపోతుంది, కంపు పోయిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. కూలిపోతే పైకి లాగడానికి నడుముకు తాడుండాలి. లేకపోతే కాపాడబోయి రెండోవాడు దిగుతాడు, ఇద్దరూ పోతారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దించడం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. పోయిన ప్రాణానికి 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. శవానికి వెల పెరిగింది, బతికున్నవాడికి గజం తాడు దొరకలేదు. కోతి లాక్కుపోయే బిర్యానీకి కట్టిన తాడు మనిషికి కట్టడానికి మనసు రాని మనం ఏ అడవిలో బతకడం నేర్చుకుంటున్నాం? సిగ్గు లేదా మనకు?

అతను మా ఆవిడను ఒక్కటే అడిగాడు: "ఒక కవరుంటే ఇవ్వండమ్మా, ఫోను తడవకుండా చుట్టి పైన పెడతాను." తలుపు వెనక సంచిలోంచి మందపాటిది ఏరి తెచ్చింది. వాచ్‌మన్ మేడ మీది బట్టల తాడు కోసుకొచ్చాడు. నేను వద్దని అరిచేసరికి ఆ కూలీ రెండు మెట్లు దిగాడు. పెద్ద గొడవయ్యాక పైకి వచ్చాడు. యంత్రం మర్నాడు వచ్చింది, ఖర్చు ఫ్లాట్లన్నిటికీ పంచితే తలా 60 రూపాయలు.

మేడ మీద బట్టల తాడు లేదు కదా. సాయంత్రం తలెత్తి చూస్తే, నాలుగో అంతస్తు బాల్కనీలో నీలం తాడు మీద తువాళ్లు ఆరుతున్నాయి.